ఏపీపీ కొలువా, కంపెనీ కుర్చీనా? ముందు సనద్ సంగతి తేల్చుకో

అమ్మా, నీ ప్రశ్న చదవనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్పి మొదలుపెడతా. హన్మకొండ అదాలత్‌లో నాలుగేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నావు, ఎక్కువ క్రిమినల్ పనే. ఏపీపీ, అంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ (క్రిమినల్ కోర్టులో సర్కారు తరఫున వాదించే న్యాయవాది) పరీక్షకు చదువుతున్నావు. ఇంతలో హైదరాబాద్ కంపెనీ ఒకటి లీగల్ మేనేజర్‌గా రమ్మంటోంది, ఇప్పటి సంపాదనకు మూడింతల జీతం. ముందు సర్కారు కొలువు చేసి తర్వాత కంపెనీలో పెద్ద స్థాయికి పోవచ్చా, పోయాక మళ్లీ నల్లకోటు వేసుకోవచ్చా, జిల్లా జడ్జి దారి మూసుకుపోతుందా, అమెరికాలో అటు ఇటు తిరుగుతారు కదా మన దగ్గర ఎందుకు తిరగరు అని అడిగావు. ‘నువ్వు’ అంటున్నందుకు ఏమనుకోకు, మా బిడ్డ వయసుదానివి.

నా సంగతి: సుబేదారి లా కాలేజీలో చదివి 1994లో న్యాయవాదిగా ఎన్‌రోల్ అయ్యాను. ఐదేళ్లు అదాలత్‌లో జూనియర్‌ని, పదేళ్లు ఏపీపీని, నాలుగేళ్లు ఒక ప్రభుత్వ సంస్థలో లా ఆఫీసర్‌ని. ఆ తర్వాత పదకొండేళ్లు ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేశాను, అందులో చివరి ఆరేళ్లు లీగల్ విభాగానికి పెద్దగా. ఇప్పుడు సనద్ (న్యాయవాదిగా ప్రాక్టీసు చేసుకునే అనుమతి) మళ్లీ తెరిపించుకుని ఇంటి దగ్గరే చిన్నగా సివిల్ కేసులు చూసుకుంటున్నా. అంటే నువ్వు పోదామనుకుంటున్న దారంతా తిరిగి బయలుదేరిన చోటికే వచ్చినవాణ్ని.

నా సమాధానం ముందే చెప్తా, కారణాలు తర్వాత. ఏపీపీ వస్తే అది తీసుకో. కనీసం ఆరేళ్లు చెయ్యి. కంపెనీ అప్పుడు కూడా ఉంటుంది.

సనద్ గురించి మన బార్‌లో, అంటే న్యాయవాదుల్లో, సగం మందికి సగమే తెలుసు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 49వది చదువు. నెల జీతానికి పూర్తికాలం ఉద్యోగంలో చేరిన న్యాయవాది ఆ సంగతి తన బార్ కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీసు ఆపేయాలి. ఉద్యోగం సర్కారుదైనా కంపెనీదైనా అంతే. మరి ఏపీపీది కూడా నెల జీతమే కదా అంటావు. ఆ ముడిని సుప్రీంకోర్టు 2013లో దీపక్ అగర్వాల్ కేసులో విప్పింది. జీతం ఎవరిస్తున్నారన్నది కాదు, నువ్వు చేసే పనేంటన్నది చూడాలి. కోర్టులో నిలబడి వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్, అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ న్యాయవాదిగానే కొనసాగుతున్నట్టు లెక్క. అదే ఆఫీసులో కూర్చుని ఒపీనియన్లు రాసే లా ఆఫీసర్‌కు ఆ లెక్క వర్తించదు. 2001లో సతీశ్ కుమార్ శర్మ అని హిమాచల్ విద్యుత్ బోర్డు లా ఆఫీసర్ కేసులో ఎన్‌రోల్‌మెంటే నిలవలేదు.

ఇప్పుడు జిల్లా జడ్జి ప్రశ్న దీనికి కలుపు. రాజ్యాంగం 233(2) ప్రకారం బార్ నుంచి నేరుగా జిల్లా జడ్జి కావాలంటే ఏడేళ్ల న్యాయవాద అనుభవం కావాలి. దరఖాస్తు నాటికి కూడా నువ్వు న్యాయవాదిగా ఉండాలని ఆ 2013 తీర్పే చెప్పింది. ఏపీపీగా చేసిన ఏళ్లు ఆ ఏడేళ్లలో కలుస్తాయి, కంపెనీలో చేసినవి కలవవు. నీకు ఇప్పటికే నాలుగున్నాయి, ఏపీపీగా మూడేళ్లు చేస్తే ఆ తలుపు తెరుచుకుంటుంది. ఇప్పుడే కంపెనీకి పోతే నాలుగు దగ్గరే ఆగిపోతావు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఆ దారి కూడా ఇప్పటికి నీకు తెరిచే ఉంది. ఆ ఏడాదే అక్టోబరులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఇంకో మాట చెప్పింది. కింది కోర్టు జడ్జిగా చేసిన ఏళ్లనూ అంతకుముందు ప్రాక్టీసు ఏళ్లనూ కలిపి ఏడు లెక్కపెట్టొచ్చని.

అమెరికా ముచ్చట ఇక్కడే తెగుతుంది. విలియం బార్ అని ఒకాయన 1991 నుంచి 93 దాకా అక్కడ అటార్నీ జనరల్. ఆ తర్వాత జీటీఈ, అది కలిసిపోయాక వెరైజన్, ఈ టెలిఫోన్ కంపెనీలకు 2008 దాకా జనరల్ కౌన్సెల్, అంటే లీగల్ విభాగానికి పెద్ద. మళ్లీ 2019లో అటార్నీ జనరల్. అక్కడ కంపెనీ జీతం తీసుకునే లాయరు కూడా బార్‌లో సభ్యుడే, అందుకే అటు ఇటు నడిచినా అడ్డు లేదు. మన దగ్గర కంపెనీ గడప దాటగానే సనద్ పక్కన పెట్టాలి. ఇక్కడివాళ్లకు తెలివి తక్కువై కాదు, నిబంధనే వేరు.

నా తప్పు కూడా చెప్తా. 2009లో లా ఆఫీసర్‌గా చేరినప్పుడు బార్ కౌన్సిల్‌కు ఉత్తరం రాయడం రేపు మాపు అంటూ ఎనిమిది నెలలు ఈడ్చాను. ఆ ఎనిమిది నెలల్లో ఒక్క వకాలత్ కూడా వేయలేదు, ఒక్క కోర్టు మెట్టు ఎక్కలేదు. అయినా పదిహేనేళ్ల తర్వాత సనద్ తెరిపించుకోబోతే మొదటి ప్రశ్న దాని గురించే. అఫిడవిట్ రాసి, ఆ కాలంలో ఎక్కడా హాజరు కాలేదని చెప్పుకుని, నాలుగుసార్లు హైదరాబాద్ తిరిగితే కానీ పని కాలేదు. నువ్వు ఏ ఉద్యోగంలో చేరినా, చేరిన వారంలోనే ఉత్తరం రాసి రసీదు తీసుకో. ఆ రసీదు మీ పెళ్లి ఫోటోల ఆల్బమ్‌లో పెట్టుకో, అదైతే ఎవరూ పారేయరు.

పెన్షన్ విషయం క్లుప్తంగా. నేను పాత పెన్షన్ వాణ్ని. పై అధికారి ద్వారా కాకుండా నేరుగా దరఖాస్తు చేసి, రాజీనామా రాసి పోయాను. పదేళ్ల సర్వీసు నీళ్లలో కలిసింది. 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్లు సీపీఎస్‌లో (ఉద్యోగి, సర్కారు ఇద్దరూ డబ్బు కట్టే కొత్త పెన్షన్) ఉంటారు, ప్రాన్ అనే ఆ పెన్షన్ ఖాతా నీ వెంటే వస్తుంది, ఆ బాధ నీకు అంత లేదు. అయినా ఎక్కడికి దరఖాస్తు చేసినా అనుమతి తీసుకుని సరైన దారిలోనే చెయ్యి.

ఇక అసలు విషయం. ఏపీపీగా ఆరేళ్లు ఎందుకంటున్నా? జీతం కోసం కాదు. జీతమే చూసుకుంటే కంపెనీ గెలుస్తుంది. కోర్టులో రోజూ నిలబడి నేర్చుకునేదాన్నే తర్వాత కంపెనీ డబ్బిచ్చి కొనుక్కుంటుంది. ఎట్లాగో రెండు సంగతులతో చెప్తా.

మొదటిది. అప్పట్లో ఒక రాస్తారోకో కేసు. పదిహేను మంది ముద్దాయిలు. బస్సు మీద రాయి పడి కండక్టర్ చేతి ఎముక విరిగింది. కొన్నేళ్లకు కేసు ఉపసంహరించుకొమ్మని పైనుంచి కాగితం వచ్చింది. క్రిమినల్ కేసులు నడిపే చట్టంలో అప్పటి సీఆర్పీసీ 321వ సెక్షన్, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 360. నేను కొత్తవాణ్ని. ‘ప్రభుత్వ ఉత్తర్వుల మేరకు ఉపసంహరించుకుంటున్నాము’ అని నాలుగు లైన్ల పిటిషన్ టైపు చేయించి పెట్టాను. మేజిస్ట్రేట్ గారు చదివి, ఆ లైను మీద పెన్ను ఆనించి, ‘ఉత్తర్వు సరే, మీ అభిప్రాయం ఎక్కడుంది?’ అని కాగితం బెంచి క్లర్కు చేతికి తిరిగిచ్చారు. కోర్టు హాలు నిండా జనం. చెవులు వేడెక్కినయ్.

ఆ సెక్షన్‌లో ఉపసంహరించేది ప్రాసిక్యూటర్, ఒప్పుకునేది కోర్టు. ప్రభుత్వం చెప్పొచ్చు, కానీ ఎందుకన్నది ప్రాసిక్యూటర్ తన బుర్రతో ఆలోచించి రాయాలి. ఆ రాత్రి ఫైలు మొత్తం మొదటిసారి చదివాను. అంతకుముందు చదవలేదని ఒప్పుకుంటున్నా. పద్నాలుగు మంది రోడ్డు మీద కూర్చున్నారు, అంతే. పదిహేనోవాడు రాయి విసిరాడని ముగ్గురు సాక్షులు పేరుతో సహా చెప్పారు, డాక్టరు సర్టిఫికెట్ ఉంది. పద్నాలుగు మందికి ఉపసంహరణ, కారణాలతో ఒకటిన్నర పేజీ. పదిహేనోవాడికి కుదరదని విడిగా నోటు. ఆ సెక్షన్ ఒక్కో ముద్దాయికి విడిగా కూడా ఉపసంహరించుకోనిస్తుంది. రెండు రోజుల్లో ఒక ఫోను: ‘వకీల్ సాబ్, అందరికీ అయిపోతుంటే ఆ ఒక్కనికి మీరెందుకు అడ్డం పడుతున్రు?’ మూడు నెలల్లో నాకు దూరపు కోర్టుకు బదిలీ. దానికీ దీనికీ సంబంధం ఉందని ఏ కాగితంలోనూ లేదనుకో.

అప్పటినుంచి నా సంతకం పైన ఉన్న ప్రతి లైనూ నేను రాసిందో, చదివి ఒప్పుకున్నదో అయ్యుండాలని పట్టుబట్టడం అలవాటైంది. కంపెనీలో చేరిన మొదటి నెలలోనే అది పనికొచ్చింది. మేనేజర్లు లీగల్ విభాగానికి కాగితం పంపి ‘ఓకే అనండి చాలు సార్’ అంటారు. ఓకే అనే రెండక్షరాల కింద ఏముందో ఆరేళ్ల తర్వాత అడిగేది నిన్నే.

రెండోది మార్చి నెలాఖరు సంగతి. కంపెనీలో నా మొదటి ఏడాది. ఆడిటర్ దగ్గర్నుంచి ఒక అమ్మాయి వచ్చింది, ఇరవై ఎనిమిదేళ్లుంటాయేమో. మా మీద నడుస్తున్న అరవై చిల్లర కేసుల ఎక్సెల్ షీటు నా ముందు తెరిచి, చివరి గడి ఖాళీగా ఉందని చూపించింది. ప్రతి కేసుకూ అందులో మూడు మాటల్లో ఒకటి రాయాలి: ప్రాబబుల్, పాజిబుల్, రిమోట్. ఓడిపోయే అవకాశమే ఎక్కువైతే ఆ డబ్బును ఈ ఏడాది లెక్కల్లోనే నష్టంగా కేటాయించాలి. ఓడినా ఓడొచ్చు అనిపిస్తే బ్యాలెన్స్ షీట్ కింద నోట్సులో కంటింజెంట్ లయబిలిటీగా చూపాలి. అవకాశం చాలా తక్కువైతే ఏమీ అక్కర్లేదు. అకౌంటింగ్ స్టాండర్డ్ 29, పెద్ద కంపెనీలకైతే ఇండ్ ఏఎస్ 37.

‘కోర్టు ఎట్ల చూస్తదో ఎవరు చెప్పగలరమ్మా’ అన్నాను, సర్కారు నోటు ఫైలు భాషలో. ఆ అమ్మాయి నవ్వలేదు. ‘సార్, మార్చి 31కి కోర్టు చెప్పదు, మీరే చెప్పాలి.’

పద్నాలుగేళ్లు ‘పరిశీలించవచ్చు’, ‘తగు నిర్ణయం నిమిత్తం సమర్పించడమైనది’ అని రాసినవాణ్ని. ఒక్కో కేసుకూ ఒక్క మాట రాయడానికి మూడు రోజులు పట్టింది. కానీ రాయగలిగాను. ఎందుకంటే చార్జిషీటులో ఉక్కులా కనిపించిన సాక్షి బోనెక్కాక ఎట్లా జారిపోతాడో పదేళ్లు చూశాను కాబట్టి. పంచనామా మీద సంతకం నీదేనా అంటే ‘నాదే సార్, టేషన్ల చాయ్ ఇయ్యబోతే పెట్టమన్నరు, పెట్టిన’ అన్న హోటలాయన ఇప్పటికీ కళ్లముందే ఉన్నాడు. ఆ షీటులో ఒక గోదాము వ్యాజ్యం ఉంది, అందులో మా వైపు రెండే సాక్షి సంతకాలు, ఇద్దరూ ఉద్యోగం మానేసినవాళ్లు. వాళ్లొచ్చి మా తరఫున చెప్తారని షీటులో నమ్మకంగా రాసి ఉంది. నేను ప్రాబబుల్ అని మార్చాను. ఫైనాన్స్ హెడ్‌కు కోపం వచ్చింది, లాభం తగ్గింది మరి. రెండేళ్లకు ఆ కేసు ఓడిపోయాం, కేటాయించిన డబ్బు దాదాపు సరిపోయింది. ఆ తర్వాతే బోర్డు మీటింగులకు నన్ను పిలవడం మొదలైంది. కంపెనీలో నాయకత్వం అని నువ్వు రాశావు చూడు, నాకైతే అది ఆ ఖాళీ గడి నింపడంతో వచ్చింది. కోటు, ఇంగ్లీషు, గోల్ఫు వీటితో కాదు. గోల్ఫు ఇప్పటికీ రాదు.

ఏపీపీలో అంతా బాగుంటుందని కాదు. పోస్టింగు అదాలత్‌లోనే రావాలని లేదు. చిన్నపాపతో నువ్వు ఆసిఫాబాద్ వైపో ములుగు వైపో పోవాల్సి రావచ్చు. మీ అత్తగారు పాపను చూసుకుంటానన్నారని రాశావు. ఆ మాట రోజుకు ఎన్ని గంటల లెక్కనో ఇప్పుడే మాట్లాడుకోండి. ఉదయం పోలీసులు ఫైలు తెస్తారు, పదకొండింటికి అదే కేసులో చీఫ్ (మన సాక్షిని మనమే మొదట ప్రశ్నించడం) చేయించాలి. సమన్లు అందని సాక్షులు, తడిసిపోయిన మెటీరియల్ ఆబ్జెక్టులు (కేసులో సాక్ష్యంగా పెట్టే వస్తువులు), పేషీ మీద పేషీ. పోలీసుల మీద ఆధారపడతావు కానీ పోలీసుల కింద పనిచేయవు. ప్రాసిక్యూటర్లను పోలీసు శాఖ అజమాయిషీ నుంచి తప్పించాలని 1995లోనే సుప్రీంకోర్టు షహానే కేసులో చెప్పింది. ఎస్సై గారికి ఒక్కోసారి ఆ సంగతి నువ్వే గుర్తుచేయాల్సి వస్తుంది, నవ్వుతూనే.

కంపెనీలో కష్టాలు వేరే రకం. ఒకటి చెప్తా, మిగతావి పోయాక తెలుస్తాయి. ఒక ఏడాది మా ఫ్యాక్టరీ మీద ఆర్బిట్రేషన్ అవార్డు, అంటే కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పు, వచ్చింది. సంతకం చేసిన కాపీ కొరియర్లో ఫ్యాక్టరీ గేటుకు చేరింది. గేటులో ముద్ర వేసి స్టోర్స్ ట్రేలో పడేశారు, బేరింగుల బిల్లుల కింద. అవార్డును సవాలు చేయడానికి ఆర్బిట్రేషన్ చట్టం 34వ సెక్షన్ ఇచ్చేది మూడు నెలలు. సరైన కారణం చూపితే ఇంకో ముప్పై రోజులు. ఆ పైన ఒక్క రోజు కూడా ఇవ్వడానికి ఏ కోర్టుకూ వీల్లేదు. 2001లో పాపులర్ కన్‌స్ట్రక్షన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. మాకు ఆ కవరు దొరికేసరికి మూడు నెలలు పోయి పంతొమ్మిది రోజులు. గోడ క్యాలెండర్ మీద వేలు పెట్టి లెక్కపెట్టుకున్నా, మిగిలింది పదకొండు రోజులు. ఇన్‌వర్డ్ గుమాస్తాకు అందితే సంస్థకు అందినట్టు కాదని 2005లో రైల్వే కేసొకదాంట్లో తీర్పు ఉంది, అది మా జేబులో ఉంది. కానీ రైల్వేకు చెల్లింది ప్రైవేటు ఫ్యాక్టరీకి చెల్లుతుందని కూర్చుంటే మునుగుతాం. ఎనిమిది రోజుల్లో దాఖలు చేశాం. ఆ ఎనిమిది రోజుల్లో నేను ఇంటికెళ్లింది స్నానానికే. సర్కారులో ఇట్లాంటి ఆలస్యానికి ‘పరిపాలనా కారణాలు’ అని ఒక పేరా ఉంటుంది. కంపెనీలో ఆ పేరా నీ పేరుతో మొదలవుతుంది.

ఇంకోటి కొత్తది, కంపెనీ హెచ్ఆర్ నీకు చెప్పదు. న్యాయవాదికీ క్లయింటుకూ మధ్య మాటలకు చట్టం ఇచ్చే రక్షణ, భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్, కంపెనీ జీతం మీద ఉన్న ఇన్‌హౌస్ లాయరుకు వర్తించదని 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు చెప్పింది. 134 కింద పరిమితమైన రక్షణ ఒకటి ఉంది, అంతే. కాబట్టి విచారణ పూర్తికాకముందే మెయిల్లో తీర్పులు రాయకు. దాచమని కాదు. తెలిసింది తెలిసినట్టు, తెలియంది తెలియదని రాయి. గట్టి సలహా కావాల్సిన చోట ప్రాక్టీసులో ఉన్న బయటి న్యాయవాదిని పెట్టించు.

ఏపీపీగా నువ్వు చూసిన ఫైళ్లలో ఉన్న కంపెనీ రేపు నిన్ను పిలిచిందనుకో, పోకు. ఒక పక్షానికి సలహా ఇచ్చినవాడు అదే విషయంలో ఎదుటి పక్షానికి పనిచేయకూడదని బార్ కౌన్సిల్ నిబంధనల్లో 33వది చెప్తుంది. నిబంధన సరే, మన ఊళ్లో అందరికీ అందరూ తెలుసు. ఆ మాట నీకంటే ముందే చౌరస్తాకు చేరుతుంది.

‘ఊరు వదలకుండా కంపెనీ పని దొరకదా’ అని చివర్లో అడిగావు. తక్కువే కానీ ఉంది. ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ కేంద్ర కార్యాలయం నక్కలగుట్టలోనే ఉంది కదా. అటు సింగరేణి, 51 శాతం రాష్ట్రానిది, 49 కేంద్రానిది. రామగుండంలో ఎన్టీపీసీ. ఇట్లాంటి చోట్ల భూసేకరణ, కాంట్రాక్టు కార్మికులు, టెండర్ల వివాదాలు కుప్పలుగా ఉంటాయి. కొన్ని కేంద్ర సంస్థలు క్లాట్ పీజీ (ఎల్‌ఎల్‌ఎం ప్రవేశ పరీక్ష) స్కోరు చూసి లా ఆఫీసర్లను తీసుకుంటాయి, వాళ్ల వయోపరిమితి మాత్రం చూసుకో. సర్కారుకూ ప్రైవేటుకూ మధ్య ఆ నాలుగేళ్లు నాకు వంతెనలా పనికొచ్చాయి. సర్కారు భాషా తెలిసింది, బిల్లు పాసయ్యే బాధా తెలిసింది.

ఇప్పుడు చేతిలో ఉన్న పని. ఏపీపీ నోటిఫికేషన్ ఏటా పడదు. 2021లో 151 పోస్టులకు పడింది, మళ్లీ 2025లో 118కి. అందుకే కంపెనీ ఆఫరు కంటే దాన్ని ముందు పెడుతున్నా. ఆ కంపెనీ కాకపోతే ఇంకోటి పిలుస్తుంది, ఈ పరీక్ష మాత్రం నీ వయసు కోసం ఆగదు. క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ల ప్రాక్టీసు అడుగుతారు. సర్టిఫికెట్ ఒక్కటి చాలదనుకుని సిద్ధంగా ఉండు. నీ పేరు మీద వకాలత్ ఉన్న కేసులు ఏడాదికి నాలుగైదు ఏరి, డాకెట్ షీట్లతో (ఏ రోజు కేసులో ఏం జరిగిందో కోర్టు రాసుకునే కాగితాలు) సహా నకళ్లకు దరఖాస్తు పెట్టు. సీనియర్ పేరు మీద వేసి నువ్వు నడిపించిన కేసులు లెక్కలోకి రావు, ఆ విషయంలో మొహమాటపడి ఇప్పటికే రెండేళ్లు పోగొట్టుకుని ఉంటావని నా అనుమానం. ఇకనుంచి ప్రతి వకాలత్ మీద నీ పేరు కూడా రాయించు. నకలు సెక్షన్‌లో సోమవారం జనం ఎక్కువ, మంగళవారం పొద్దున పో.